వేటకుక్క నొప్పి చెప్పదు: వయసు మళ్లిన కుక్కకు కణితి ఆపరేషన్

పోయిన వర్షాకాలంలో ఒక సాయంత్రం తడిసి వచ్చిన భీముడిని పాత తువ్వాలుతో తుడుస్తుంటే ఎడమ డొక్క మీద, చివరి పక్కటెముకకు కాస్త వెనకగా, వేలికి ఏదో తగిలింది. రేగిపండంత గడ్డ. చర్మంతో పాటే కదులుతోంది. నొక్కి చూస్తే వాడు తల కూడా తిప్పలేదు. భీముడు పదకొండేళ్ల నల్ల లాబ్రడార్. ఛాతీ కింద మూడేళ్లుగా ఒక కొవ్వు గడ్డ ఉంది. ఇదీ అలాంటిదే అయివుంటుందని ఇంట్లో అందరం అనుకున్నాం. రెండు రోజులకు అది నిమ్మకాయంత అయింది. వారం తిరిగేసరికి మళ్లీ రేగిపండంత. తగ్గిపోతోందని సంబరపడ్డాం. ఆ సంబరంలో మూడు వారాలు గడిచిపోయాయి.

ఉబ్బి, తగ్గి, మళ్లీ ఉబ్బే గడ్డ కొవ్వు గడ్డ కాకపోవచ్చు. ఆ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఆ మూడు వారాలు పోయేవి కావు. అలాంటి గడ్డ ఏమిటో, దానికి కత్తి ఎందుకు పడుతుందో, వయసు మళ్లిన కుక్క ఆ కత్తి కింద నుంచి బయటపడి కోలుకునేదాకా ఇంట్లోవాళ్లు ఏం చూసుకోవాలో తెలిసినంత వివరంగా రాస్తున్నాను. మందుల మోతాదులు మాత్రం రాయను. అవి మీ కుక్కను చేత్తో పట్టి చూసిన డాక్టరు చెప్పవలసినవి.

పరుగు ఆపని కుక్క

లాబ్రడార్‌ను మనం అపార్ట్‌మెంట్ కుక్కగా చూడటానికి అలవాటు పడ్డాం. పుట్టుక రీత్యా అది వేటకుక్క. కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల వెంట చన్నీళ్లలో ఈదిన కుక్కలను బ్రిటన్‌కు తీసుకువెళ్లి, తుపాకీ దెబ్బకు పడిన పక్షిని నలగకుండా నోట కరిచి తెచ్చే పనికి తీర్చిదిద్దారు. అక్కడి కెన్నెల్ క్లబ్ 1903లో దాన్ని జాతిగా గుర్తించింది. మన వైపు వేటకుక్కల తీరు వేరు. కర్ణాటక ముధోల్, తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై కంటిచూపుతో, కాళ్ల సత్తువతో వేటాడిన బక్కపలచని జాతులు. కొల్లేటి పరిసరాల్లో బాతుల మందలను కాస్తూ వేటకూ వెళ్లిన జోనంగి మన సొంత జాగిలం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగింది. ఆగాల్సిందే. అయితే తరతరాలుగా ఏరి ఏరి పెంచిన స్వభావం చట్టంతో ఆగదు. కాల్లో ముల్లు దిగినా పరుగు ఆపని కుక్కనే వేటగాడు మెచ్చుకున్నాడు, దాని పిల్లలనే పెంచుకున్నాడు.

ఆ గుణం ముసలితనంలో రెండు చోట్ల ఎదురుతిరుగుతుంది. ఒకటి, జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది. తోక ఊపుతూ తిరిగే కుక్కను చూసి దానికేం కాలేదనుకుంటాం. రెండు, ఆపరేషన్ అయ్యాక అది మంచం మీద రోగిలా పడుకోదు. కుట్లు పచ్చిగా ఉన్నప్పుడే ప్రహరీ మీద వాలిన పావురం కోసం దూకుతుంది. మొదటి చోట మనం దాని బదులు అనుమానించాలి. రెండో చోట దాని బదులు ఆగాలి.

మారువేషాల కణితి

కుక్కలకు వచ్చే చర్మ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది మాస్ట్ కణాల కణితి. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, బాక్సర్, పగ్ జాతులకు ఈ బెడద ఎక్కువ. సాధారణంగా ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులో కనిపిస్తుంది. అమెరికాలో మారిస్ యానిమల్ ఫౌండేషన్ 2012లో మొదలుపెట్టి మూడు వేలకు పైగా గోల్డెన్ రిట్రీవర్లను జీవితాంతం గమనిస్తున్న అధ్యయనంలో ప్రధానంగా దృష్టి పెట్టిన నాలుగు క్యాన్సర్లలో ఇదీ ఒకటి.

మాస్ట్ కణాలు శత్రువులేమీ కావు. ప్రతి ఆరోగ్యవంతమైన చర్మంలోనూ ఉంటాయి. ఏదైనా కుట్టినా, సరిపడనిది తగిలినా మొదట స్పందించేవి అవే. ఒక్కో కణం నిండా హిస్టమిన్, హెపారిన్ వంటి రసాయనాలు నింపుకున్న చిన్న చిన్న రేణువులు ఉంటాయి. 1878లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ తన పరిశోధన పత్రంలో వీటిని వర్ణించాడు. ఆ రేణువులను చూసి కణం బాగా మేసి బలిసిందనుకుని, ఆ అర్థం వచ్చేలా జర్మన్ భాషలో పేరు పెట్టాడు. మన కుక్కలకు పిడుదుల వల్ల వచ్చే ఎర్లీషియా జ్వరానికి కారణమైన సూక్ష్మజీవికి పెట్టిన పేరు కూడా ఆయనదే. ఆ జ్వరం సంగతి ఇంకాసేపట్లో మళ్లీ వస్తుంది.

ఈ కణాలు అదుపు తప్పి పెరిగితే కణితి అవుతుంది. దాన్ని నలిపినా, గోకినా, ఒక్కోసారి ఏ కారణం లేకుండానే రేణువులు పగిలి హిస్టమిన్ బయటికొస్తుంది. చుట్టూ చర్మం కందిపోయి ఉబ్బుతుంది. రసాయనం ప్రభావం తగ్గగానే వాపు తీస్తుంది, కణితి మాత్రం అక్కడే ఉంటుంది. భీముడి రేగిపండు నిమ్మకాయ అవడం, మళ్లీ రేగిపండు అవడం వెనక ఉన్నది ఇదే. పైగా రోజుకు నాలుగుసార్లు నొక్కి చూసి ఆ ఉబ్బుకు నేనే సాయపడ్డాను. అనుమానం వచ్చిన గడ్డను నలపకూడదు. ఒకసారి కొలిచి వదిలేయాలి.

హిస్టమిన్ రక్తంలో కలిసి కడుపుకు చేరితే అక్కడ ఆమ్లం పెరిగి పుండ్లు పడతాయి. వాంతులు, తిండి మీద అయిష్టం, తారులా నల్లగా జిగటగా వచ్చే మలం దీని గుర్తులు. డొక్క మీద గడ్డకూ నల్లటి మలానికీ సంబంధం ఉంటుందని మామూలుగా ఎవరికీ తట్టదు. డాక్టరుకు రెండూ కలిపి చెప్పాలి.

గడ్డ ఏదన్నది వేలితో తేలదు. ఎంత అనుభవం ఉన్న వేలైనా సరే. కొవ్వు గడ్డ మెత్తగా ఉంటుంది, మాస్ట్ కణాల కణితి కూడా మెత్తగా ఉండగలదు. తేల్చేది సన్నని సూది. ఇంజక్షన్ సూదినే గడ్డలోకి గుచ్చి, అంటిన కణాలను గాజు పలక మీద చిమ్మి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. మత్తు అక్కర్లేదు. భీముడు ఆ సూది పడుతున్నంతసేపూ మా అమ్మ చేతిలోని బిస్కెట్టు వైపే చూస్తూ నిలబడ్డాడు. మాస్ట్ కణాలైతే ఊదా రంగు రేణువులు చాలావరకు అక్కడికక్కడే కనిపిస్తాయి. ముసలి కుక్క ఒంటి మీద కొత్తగా వచ్చిన ఏ గడ్డకైనా, నెలకు పైగా ఉన్నా, శనగగింజను దాటి పెరిగినా, సూది పరీక్ష చేయించమని నేను ఎవరికైనా చెబుతాను. కొద్ది నిమిషాల పని అది.

ప్రతి కణితికీ కత్తి మందు కాదు. మన వీధి కుక్కల్లో తరచూ కనిపించే, జత కట్టినప్పుడు ఒకదాని నుంచి ఇంకొకదానికి అంటుకునే మర్మావయవాల కణితి వారానికొకటి చొప్పున ఇచ్చే విన్‌క్రిస్టీన్ ఇంజక్షన్లకే చాలావరకు కరిగిపోతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో రొమ్ము గడ్డలు ఎక్కువ. వాటిలో చాలావాటికి కత్తి తప్పదు. ప్లీహంలో పెరిగే రక్తనాళాల క్యాన్సర్ మరీ మోసకారి. కుక్క ఉన్నట్టుండి కూలబడి, చిగుళ్లు తెల్లబడేదాకా బయటపడదు. అలా జరిగితే పొద్దున చూద్దామని ఆగకూడదు, ఆ గంటలోనే ఆస్పత్రికి చేర్చాలి. పెద్ద జాతి కుక్క ఒక కాలు కుంటుతూ, రెండు మూడు వారాలైనా మానకపోతే బెణుకని వదిలేయకుండా ఎక్స్‌రే తీయించాలి. ఎముక క్యాన్సర్ అలాగే మొదలవుతుంది.

వయసు జబ్బు కాదు

"పదకొండేళ్ల కుక్కకు మత్తు ఇస్తారా? లేస్తుందా?" మా వీధిలో కనీసం పదిమంది ఈ ప్రశ్న అడిగారు. నేనూ డాక్టరుగారిని అదే అడిగాను. "వయసుకు మత్తు ఇవ్వం, గుండెకూ కిడ్నీకీ చూసి ఇస్తాం" అన్నారాయన. వయసు అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. లోపలి అవయవాలు ఎలా ఉన్నాయన్నది ముఖ్యం.

అందుకే ముందు రక్త పరీక్షలు, గుండె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగు చేయించాలి. మాస్ట్ కణాల కణితి పాకితే దగ్గరి లింఫ్ గ్రంథులకు, ఆపైన కాలేయానికి, ప్లీహానికి పాకుతుంది. కాబట్టి పొట్ట స్కానింగుకు ఇక్కడ రెండు పనులు. దగ్గరి లింఫ్ గ్రంథి నుంచి కూడా సూదితో కణాలు తీసి చూడమని అడగండి. చేతికి మామూలుగా తగిలే గ్రంథిలో కూడా క్యాన్సర్ కణాలు ఉండవచ్చు.

మన ప్రాంతంలో వీటికి మరో పరీక్ష కలపాలి. ఎర్లీషియా జ్వరం కొన్ని కుక్కల్లో పైకి ఏ లక్షణమూ లేకుండా నెలలు, ఏళ్లు దాగి ఉంటుంది, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లను మెల్లగా తగ్గిస్తూ ఉంటుంది. మాస్ట్ కణాల్లోని హెపారిన్ అసలే రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం. ప్లేట్‌లెట్లు తక్కువున్న కుక్కకు అలాంటి కణితి కోస్తే రక్తస్రావం ఆపడం కష్టం. భీముడికి ప్లేట్‌లెట్లు తక్కువగానే వచ్చాయి. ఎర్లీషియా తేలింది. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడాలన్నారు. రెండు వారాలకు అంకె సరిపడా పైకి వచ్చాక కోశారు. ఆ రెండు వారాలూ మాకు నరకంగా గడిచాయి. అయినా ఆగడమే సరైన పని అని ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

ముసలి లాబ్రడార్లను పెంచేవారు ఇంకొకటి గమనించాలి. మొరుగు బొంగురుపోయిందా? కాస్త నడవగానే గురక లాంటి శబ్దంతో ఊపిరి తీస్తోందా? నీళ్లు తాగుతూ దగ్గుతోందా? ఇవి స్వరపేటిక కండరాలు చచ్చుబడటానికి గుర్తులు కావచ్చు. ఈ జాతికి ముసలితనంలో తరచూ వచ్చే సమస్య ఇది. మత్తు నుంచి లేచేటప్పుడు అలాంటి కుక్క ఊపిరితిత్తుల్లోకి వాంతి పోయే ప్రమాదం ఉంది. మే నెల ఎండలో ప్రయాణం కూడా దానికి ప్రాణాంతకం. "వయసైంది, గొంతు మారింది" అనుకుని ఊరుకోకుండా మత్తు ఇచ్చే డాక్టరుకు ముందే చెప్పాలి.

ముధోల్, రాజపాళయం వంటి బక్కపలచని వేటజాతులు ఉన్నవారికి వేరే జాగ్రత్త. ఒంట్లో కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి అవి మత్తులో త్వరగా చల్లబడిపోతాయి. అదే శరీర నిర్మాణం ఉన్న గ్రేహౌండ్లలో థయోపెంటోన్ అనే పాతకాలపు మత్తుమందు గంటల తరబడి దిగకపోవడం ఎప్పటినుంచో తెలిసిన విషయం. మత్తు ఇచ్చే ముందు మీ కుక్క జాతి పేరు స్పష్టంగా చెప్పండి. ఏ మందు ఇస్తున్నారని అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

ఆపరేషన్‌కు ముందు హిస్టమిన్‌ను అడ్డుకునే మందు, కడుపులో ఆమ్లం తగ్గించే మందు ఇస్తారు. కత్తి తగలగానే కణాలు పగిలి రక్తపోటు పడిపోకుండా ఉండటానికి ఇది. కొందరు డాక్టర్లు గడ్డను కుదించడానికి ముందు కొన్నాళ్లు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రాస్తారు. అది వాడుతుండగా మెలోక్సికామ్ వంటి నొప్పి మందు కలిపితే కడుపులో పుండ్లు పడి రంధ్రాలు కూడా పడవచ్చు. రెండు చోట్ల రెండు చీటీలు రాయించుకున్నవారు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి చూపించాలి.

జానెడు కోత

రేగిపండంత గడ్డకు జానెడు కోత చూసి మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. అంత ఎందుకు కోశారన్నది మొదటి ప్రశ్న. ఈ కణితి కంటికి కనిపించే హద్దులో ఆగదు. పీచు వేళ్లలా చుట్టూ పాకి ఉంటుంది. అందుకే గడ్డ చుట్టూ రెండు నుంచి మూడు సెంటీమీటర్ల మంచి చర్మాన్ని, అడుగున ఒక కండర పొరను కూడా కలిపి తీస్తారు. గుండ్రని కోతను సరిగ్గా మూయలేరు, కాబట్టి కంటి ఆకారంలో సాగదీసి కోస్తారు. మొదటి ఆపరేషన్‌లోనే ధారాళంగా కోసే డాక్టరు మీకు మేలు చేస్తున్నట్టే. చిన్న కోతతో అందంగా కుట్టి, అంచులో కణాలు మిగిలితే రెండోసారి కోయాల్సింది మరింత పెద్దదవుతుంది. కాలి మీదో, మూతి మీదో గడ్డ ఉంటే అంత చర్మం దొరకదు. అక్కడ లెక్కలు వేరు.

తీసిన ముక్కను ఫార్మలిన్‌లో వేసి పరీక్షకు పంపాలి. ఈ పని జరిగిందో లేదో అడిగి తెలుసుకోండి. గడ్డ తీసేశాం, అయిపోయింది అనే మాట దగ్గర ఆగిపోతే సగం వైద్యమే అయినట్టు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆస్పత్రులు ఉన్నాయి. మీ ఊళ్లో సౌకర్యం లేకపోతే ఎక్కడికి పంపవచ్చో మీ డాక్టరునే అడగండి.

మొదటి రాత్రి

సాయంత్రం ఏడింటికి భీముడిని ఇంటికి తెచ్చాం. హాల్లో గ్రానైటు నేల మీద జంబుఖానా పరిచి, దాని మీద పాత దుప్పటి వేశాం. నున్నటి నేల మీద మత్తు దిగని కుక్క వెనక కాళ్లు రెండు పక్కలకు జారిపోతాయి, కుట్ల మీద లాగుడు పడుతుంది. గుమ్మం నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి పెరటి తలుపు దాకా ఏదో ఒకటి పరచండి, గోనెసంచులైనా ఫరవాలేదు. గుడ్డలో చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసా ఒకటి వీపు వైపు పెట్టాం.

రాత్రి పదకొండింటికి మొదలైంది మూలుగు. ఆగకుండా, ఒకే శ్రుతిలో. "నొప్పేమో చూడు నాన్నా" అంటూ అమ్మ నాలుగుసార్లు లేచింది. ఫోను చేస్తే డాక్టరుగారు మూడు ప్రశ్నలు అడిగారు: పేరు పెట్టి పిలిస్తే చూస్తున్నాడా, గాయం పక్కన చెయ్యి పెడితే ఒళ్లు బిగిస్తున్నాడా, చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయా. పిలిచినా శూన్యంలోకి చూస్తూ, గాయం దగ్గర తాకినా కదలకుండా మూలుగుతుంటే అది చాలావరకు నొప్పి కాదు, బలమైన నొప్పి మందుల వల్ల కలిగే అయోమయం. కొన్ని గంటల్లో తగ్గుతుంది. తాకగానే బిగుసుకుపోతే, తల తిప్పి గాయాన్ని చూస్తే అది నొప్పే. భీముడిది అయోమయం. తెల్లవారుజామున మూడింటికి నిద్రపోయాడు.

అసలు నొప్పి కనిపించేది ఆ తర్వాతి రోజుల్లో, అదీ నిశ్శబ్దంగా. వేటకుక్క ఏడవదు. చల్లని గదిలో పడుకుని కూడా ఎగరొప్పుతుంది. పడుకోబోయి మళ్లీ లేస్తుంది. చెవులు వెనక్కి వాలుస్తుంది. ముందు కాళ్లు చాపి, వెనక భాగం పైకెత్తి దణ్ణం పెట్టినట్టు నిలబడితే అది కడుపు నొప్పి. ఇక లాబ్రడార్ తిండి మానేయడమంటే ప్రమాద ఘంటికే. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఈ జాతిలో సుమారు నాలుగో వంతు కుక్కలకు ఆకలి తీరిందని చెప్పే జన్యువులో లోపం ఉందని కనుక్కున్నారు. అలాంటి జాతి కుక్క ఒక పూట మొత్తం గిన్నె ముట్టకపోతే డాక్టరుకు ఫోను చేయాలి.

నొప్పి చూసి తట్టుకోలేక మన మందుల డబ్బా తెరవకండి. మనం వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కల కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు అంతరించిపోయే స్థితికి చేరాయని 2006లో మన దేశం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. ఆ మందు చరిత్ర అంతటిది. కుక్కకు కుక్క మందే వేయాలి.

పద్నాలుగు రోజుల కాపలా

మాస్ట్ కణాల కణితి తీసిన గాయం మామూలు గాయం కంటే మెల్లగా మానుతుంది. మిగిలిన రసాయనాలు చర్మం అతుక్కోవడాన్ని అడ్డుకుంటాయి. కుట్లు తీయడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. తీసిన రోజుకు కూడా ఆ చర్మానికి పాత బలంలో చిన్న వంతే వచ్చి ఉంటుంది.

మొదటి మూడు రోజులూ భీముడు బుద్ధిగా ఉన్నాడు. ఎనిమిదో రోజు పొద్దున పెరట్లో గొలుసు మీద తిప్పుతుంటే పక్క ఖాళీ స్థలంలోని తుమ్మ పొదలో కౌజు పిట్ట కూసింది. వాడి ముందరి కుడి కాలు గాల్లోకి లేచి ఆగింది, ముక్కు పుటాలు అదిరాయి. ఆ క్షణం గొలుసు పొట్టిగా పట్టుకోకపోయి ఉంటే వాడు పొదలో ఉండేవాడు, కుట్లు నేల మీద ఉండేవి. తోక ఊపడం మొదలైన దగ్గర నుంచే అసలు ప్రమాదం. ఒంట్లో బాగున్న కుక్క గాయం సంగతి మరిచిపోతుంది.

అందుకే మలమూత్రాలకు తప్ప తిప్పకూడదు. అదీ గొలుసు మీద, ఐదు పది నిమిషాలు. మెట్లు వద్దు, మంచం మీదికి దూకనివ్వద్దు, వేరే కుక్కలతో ఆట వద్దు. అలాగని ఊరికే కట్టేస్తే వేటకుక్క పిచ్చెత్తిపోతుంది. దాని కాళ్లు ఆపి ముక్కుకు పని పెట్టాలి. ఉడికించిన కోడి మాంసం చిన్న ముక్కలుగా చేసి పాత తువ్వాలు మడతల్లో దాచి పెట్టేవాళ్లం. మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటా ఉన్నా వాసన పట్టి ఒక్కో మడత విప్పుకునేవాడు. ఆ పావుగంట పని తర్వాత రెండు గంటలు ఒళ్లెరగకుండా నిద్ర. పరుగు కంటే వాసన పట్టడమే ఈ కుక్కలను తృప్తిపరుస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ గరాటా తీసేయమని ఇంట్లో ఒకరైనా బతిమాలతారు. కుక్క నాకితే గాయం మానుతుందన్న పాత నమ్మకం ఒకటి ఉంది. కుక్క నోట్లో సూక్ష్మజీవులకు కొదవ లేదు, ముందు పళ్లు దారం తెంపడానికే పుట్టినట్టుంటాయి. రెండు నిమిషాలు చాలు, రెండోసారి మత్తు ఇవ్వాల్సి రావడానికి. పసుపు, కొబ్బరినూనె, బూడిద కూడా కుట్ల మీద పెట్టకూడదు. డొక్క మీద కోతైతే పలచని పాత నూలు బనియను తొడిగి, వీపు మీద ముడి వేస్తే ఈగలు వాలవు. వానాకాలంలో ఇది చాలా ముఖ్యం. ఈగ గుడ్లు పెట్టిన గాయంలో ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి.

పొద్దునా రాత్రీ ఒకే వెలుతురులో గాయాన్ని ఫోటో తీయండి. రోజూ చూసే కంటికి మెల్లగా పెరిగే వాపు ఆనదు, ఫోటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. గాయం కింద నీటి బుడగలా మెత్తగా వాపు చేరితే అది తరచూ లోపల ఊరిన ద్రవమే. దానంతటదే ఇంకుతుంది, అయినా డాక్టరుకు చూపించాలి. వేడిగా, ఎర్రగా, వాసనతో చీము కారినా, కుట్ల మధ్య సందు విడినా అదే రోజు వెళ్లాలి.

తిండి సంగతి తేలిక. మొదటి రాత్రి కొద్దిగా, ఆ తర్వాత మెత్తటి అన్నంలో ఉడికించిన కోడి మాంసం, పడేవాటికి పెరుగన్నం. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, ఎముకలు వద్దు. మూడు నాలుగు రోజులు మలం రాకపోయినా కంగారు లేదు. మూత్రం మాత్రం ఇరవై నాలుగు గంటల్లో రావాలి.

కాగితం మీద రెండు మాటలు

బయాప్సీ నివేదిక వచ్చేసరికి వారం, పది రోజులు పడుతుంది. అందులో రెండు సంగతులు వెతకాలి. మొదటిది కణితి స్థాయి, అంటే అది ఎంత ఉధృతమైన రకమన్నది. 1984 నుంచి వాడుకలో ఉన్న పాత పద్ధతిలో మూడు స్థాయులు. నడిమి స్థాయి అని వస్తే దాని అర్థం ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు. 2011లో వచ్చిన కొత్త పద్ధతిలో తక్కువ, ఎక్కువ అని రెండే. ఆ అధ్యయనంలో తక్కువ స్థాయి కణితి ఉన్న కుక్కల మధ్యస్థ ఆయుష్షు (సగం కుక్కలు అంతకు మించి బతికిన కాలం) రెండేళ్లకు పైన, ఎక్కువ స్థాయి ఉన్నవాటికి నాలుగు నెలల లోపు. పదకొండేళ్ల కుక్కకు రెండేళ్లు అంటే మిగిలిన జీవితం మొత్తం కావచ్చు. నివేదికలో రెండు పద్ధతుల స్థాయులూ రాయమని అడగవచ్చు.

రెండోది అంచులు. కోసిన ముక్క అంచుదాకా క్యాన్సర్ కణాలు ఉన్నాయా, లేక అంచుకు ముందే ఆగాయా? తక్కువ స్థాయి, శుభ్రమైన అంచులు, లింఫ్ గ్రంథిలో ఏమీ లేకపోవడం, ఈ మూడూ కలిస్తే చాలా కుక్కలకు ఆ కణితికి ఆపరేషనే పూర్తి వైద్యం. భీముడికి ఈ మూడూ కలిశాయి. ఆ కాగితం పట్టుకుని డాక్టరుగారి బల్ల ముందు మాట రాక నిలబడిపోయాను.

కలవని వారికి దారులు లేకపోలేదు. మళ్లీ కోయవచ్చు, విన్‌బ్లాస్టిన్ అనే కీమోథెరపీ మందు, ప్రెడ్నిసొలోన్ కలిపి ఇవ్వవచ్చు. 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన టోసెరానిబ్, కుక్కల క్యాన్సర్ కోసమే తయారై అక్కడ అనుమతి పొందిన మొదటి మందు, ఈ కణితి కోసమే వచ్చింది. కుక్కలకు ఇచ్చే కీమోథెరపీ మనుషులకు ఇచ్చేదానిలా ఉండదు. ఆయుష్షును ఎలాగైనా లాగాలన్నది కుక్కల విషయంలో లక్ష్యం కాదు, ఉన్నన్నాళ్లు హాయిగా ఉంచడం. మోతాదులు అందుకు తగ్గట్టే ఉంటాయి. చాలా జాతులకు జుట్టు రాలదు. మందు ఇచ్చిన తర్వాత కొన్ని రోజులు మలమూత్రాలను చేతి తొడుగులతో ఎత్తాలి, గర్భిణులను దూరంగా ఉంచాలి.

ఆపరేషన్ వద్దనుకోవడం కూడా కొన్నిసార్లు ప్రేమే. కాలేయానికీ ప్లీహానికీ పాకిపోయిన కణితి ఉన్న పద్నాలుగేళ్ల కుక్కను, మూత్రపిండాలు మొరాయిస్తుండగా కత్తి కింద పెట్టనవసరం లేదు. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ ఇంట్లోవాళ్ల కోసం ఒక కొలబద్ద తయారుచేశారు. నొప్పి లేకపోవడం, ఆకలి, ఒంట్లో తగినంత నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువా అన్నది, ఈ ఏడింటికీ పదేసి మార్కులు. డెబ్బైకి ముప్పై ఐదు దాటితే దాని బతుకు దానికి బరువు కాలేదని అర్థం. మార్కులు ఇంట్లో ఇద్దరు విడివిడిగా వేసి పోల్చుకోవాలి. నేను వేసినవి ఎప్పుడూ అమ్మ వేసినవాటి కంటే ఎక్కువ వచ్చేవి. రోజంతా వాడి పక్కన ఉండేది ఆవిడే కాబట్టి చివరికి ఆవిడ అంకెనే నమ్మడం నేర్చుకున్నాను.

ఒకసారి ఈ కణితి వచ్చిన కుక్కకు వేరే చోట కొత్తది రావచ్చు. అందుకని ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం భీముడికి తనిఖీ. ఒక నోటుపుస్తకంలో కుక్క బొమ్మ రెండు వైపులా గీసి పెట్టుకున్నాం. ముక్కు దగ్గర మొదలుపెట్టి, పెదవుల లోపల, చెవుల వెనక, చంకల్లో, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో, వేలి కొసలతో మెల్లగా. ఏది తగిలినా బొమ్మ మీద చుక్క, పక్కన తేదీ, దారంతో కొలిచిన మిల్లీమీటర్లు. ఛాతీ కింది కొవ్వు గడ్డ నలభై దగ్గరే నిలిచి ఉంది. పోయిన ఆదివారం కుడి తొడ లోపలి వైపు పెసరగింజంత కొత్త చుక్క పడింది. బుధవారం సూది పరీక్షకు వెళ్తున్నాం.